చివర ఏడు

2019 ఆగస్టు 14, బుధవారం. పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం మూడింటికే వీధిలో బండ్లు దీపాలు వేసుకుని తిరిగాయి. గాలి లేదు. వాన నిటారుగా, తొందరేమీ లేనట్టు పడుతోంది.

రేడియో మేస్త్రి ఆ రోజు కొట్టు తెరవలేదు. కొట్టంటే వేరే ఎక్కడో కాదు, ఇంటి ముందుగదే. మూడు గోడలకూ అరలు, అరల నిండా పాత రేడియోలు, టేప్ రికార్డర్లు, పొట్ట విప్పిన స్పీకర్లు. గదంతా సోల్డరింగ్ వాసన, తడిసిన అట్టపెట్టెల వాసన. పాత సెట్లను బాగుచేయించుకునేవాళ్లు ఏనాడో పోయారు. కొనేవాళ్లు మాత్రం ఎక్కడెక్కడో ఉన్నారు, అదీ వినడానికి కాదు, గాజు బీరువాలో పెట్టి చూసుకోవడానికి. వాళ్ల కోసమే మేస్త్రి ముసలితనంలో ఆన్‌లైన్ వేలం నేర్చుకున్నాడు.

నేర్చుకోవడంతో పాటే రెండు దొంగవిద్యలూ వచ్చాయి. మొదటిది, అమ్మే ప్రతి సెట్టు కిందా ‘పరీక్షించబడినది’ అని రాయడం. కర్మణి ప్రయోగంలో ఉన్న సుఖమే అది. ఎవరు పరీక్షించారో చెప్పక్కర్లేదు. అసలు పరీక్షించారో లేదో కూడా.

రెండోది దొంగపాట. వేలంలో ధర చెప్పడాన్ని మనవాళ్లు పాడటం అంటారు కదా. అమ్మేవాడే తన మనిషి చేత పాడించి ధర పెంచడం దొంగపాట. మేస్త్రికి మనుషుల్లేరు, భార్య ఫోన్ ఉంది. దాంట్లో ‘తుమ్మెద’ అనే పేరుతో ఖాతా తెరిచాడు. ఆ పేరు అతను పెళ్లయిన కొత్తలో ఆమెకు పెట్టిందే. ఆమె బాగా పాడుతుందని పుట్టింటివాళ్లంతా చెప్పేవారు. మొగుడి ముందు మాత్రం సిగ్గు. ఎంత బతిమాలినా నోరు విప్పేది కాదు. గిన్నెలు తోముకుంటూ, కొళాయి ధారగా వదిలి, ఆ చప్పుడు చాటున పాడుకునేది. బయటికి సన్నని ఝుంకారం వినబడేదంతే. ముప్పై ఎనిమిదేళ్లలో అతను ఒక్క పాట కూడా పూర్తిగా వినలేదు.

"నా పేరుతో మీరు పాడటమేమిటండీ?" అని ఆవిడ ఒకసారి నిలదీసింది.

"నువ్వెలాగూ పాడవుగా. నేనే పాడుతున్నా."

"సరే, అయితే పాడిన ప్రతిసారీ చివర ఏడు పెట్టండి. పాడేది మీరైనా ఏడ్చేది నేనని గుర్తుండాలిగా."

అతనికి ఆ చమత్కారం భలే నచ్చింది. అప్పట్నుంచి తుమ్మెద పాట ఎప్పుడూ ఏడుతోనే ముగిసేది. మూడు వందల ఏడు. పదకొండు వందల ఏడు.

తరవాత ఆమె గొంతులో పుండు లేచింది. గొంతు తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందురోజు, అతను డబ్బు కట్టడానికి ఆస్పత్రికి వెళ్లిన వేళ చూసి, నడిమి అరలో ఉన్న గోధుమరంగు టేప్ రికార్డర్‌లో ఆమె ఒక క్యాసెట్ నిండా పాడింది. దాని మీద ‘మీకు’ అని రాసి అందులోనే ఉంచింది. ఎలాగూ అమ్మే ముందు ఒకసారి మోగించి చూస్తారు కదా, అప్పుడు వింటారని.

మేస్త్రి మోగించలేదు. ఆ సాయంత్రమే ‘పరీక్షించబడినది’ అని రాసి వేలానికి పెట్టాడు. మర్నాడు వేలం ముగిసింది, పెట్టె కట్టి పంపేశాడు. కొన్నవాడు ఇంకా ఘనుడు. పెట్టెలో రాయి వచ్చిందని ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తీసుకుని, సెట్టు తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆమె గొంతు లేకుండా ఇంటికొచ్చింది. మెడకు తెల్లగుడ్డ, చేతిలో పిల్లల పలక. మొదట రాసిన మాట ‘విన్నారా?’

ఏం అడుగుతోందో అతనికి అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం అతనికి అలవాటూ లేదు. "విన్నానే. అంతా విన్నాను" అన్నాడు. ఆమె పలకను గుండెకు ఆనించుకుని ఎంతోసేపు నవ్వుముఖంతో ఉండిపోయింది. డిసెంబరులో పోయింది.

ఎనిమిది నెలలకు కూతురు ఫోన్లో అడిగింది. "నాన్నా, అమ్మ పాడిపెట్టిన క్యాసెట్ నాకోసారి వినిపించవూ?"

"ఏ క్యాసెట్?"

"అదే నాన్నా, గోధుమరంగు సెట్లోది. నువ్వు విన్నావని ఎంత సంబరపడిందో! నాకు పేజీ నిండా రాసి చూపించింది."

ఆరు రోజులు తిండీ నిద్రా మాని వెతికితే ఆదివారం దొరికింది. అదే సెట్టు, వేరే పేరుతో అమ్మకానికి. ఫొటోలో గాజుకిటికీలోంచి క్యాసెట్ మీది ‘మీకు’ కనబడుతోంది. కింద రాసి ఉంది: ‘పరీక్షించబడినది. క్యాసెట్ ఉచితం. ఎవరో ఆడమనిషి పాటలున్నాయి, చెరిపేసి వాడుకోవచ్చు.’

మేస్త్రి సందేశం పంపాడు, అది నా భార్య గొంతు, ఎంతంటే అంత ఇస్తానని. ‘అయ్యో పాపం. వేలంలో పాడుకోండి సార్’ అని జవాబు. ముగింపు బుధవారం సాయంత్రం ఆరూ పది.

నాలుగింటికి బావమరిది గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. ఆమె తమ్ముడే. పక్కనే గడియారాల కొట్టు.

"నీ ప్రాణం ఎక్కడుందో వాడికే చెప్పేశావా బావా? ఇంక పాటలో అంతా వాడి మనుషులే ఉంటారు."

"తెలుసురా."

"నీకు తెలియక ఇంకెవరికి తెలుస్తుందిలే! వాడూ నీ బళ్లో చదివినవాడేగా." అని నవ్వబోయి, బావ ముఖం చూసి ఆపేశాడు. "అక్క గొంతయ్యా. ఎంతకైనా పాడు." కొట్లోకి నీళ్లొస్తున్నాయని కాసేపటికి వెళ్లిపోయాడు.

అయిదూ యాభైకి కరెంటు పోయింది. గదిలో ఫోన్ వెలుగొక్కటే. అరల్లో సెట్ల గాజుముఖాలు మిణుకుమంటున్నాయి. బయట తూములో నీళ్లు గలగలమంటున్నాయి. మేస్త్రి పాడాడు. ఇంకెవరో పాడారు. మళ్లీ పాడాడు. అయిదు వేలు దాటాక తెర మీద కొత్త పాట వచ్చింది.

తుమ్మెద. 5,507.

ఆ సైట్లో ఒక పేరు ఒక్కరికే ఇస్తారు. ఆ పేరున్న భార్య ఫోన్ లోపలిగదిలో, ఇనపబీరువాలో, ఆమె చీరల కింద ఉంది. డిసెంబరు నుంచి చార్జింగే లేదు.

ఏడు వేలు పాడాడు.

తుమ్మెద. 7,507.

మండిపోయి అమ్మేవాడికి రాశాడు. ‘ఆ తుమ్మెద నీ మనిషేనా?’

వెంటనే జవాబు. ‘ఒట్టు సార్, కాదు. నా వాళ్లు అయిదు వేలకే ఆగిపోయారు. ఇప్పుడు పాడుతున్నది మీరూ ఆవిడా.’

ఆవిడా... అని ఎందుకు రాశాడు?

గోడ పట్టుకుని లోపలిగదిలోకి నడిచాడు. బీరువా తీశాడు. మడతపెట్టిన చీరల వాసన, మెడకు రాసే మందు వాసన కలిసి ముఖానికి కొట్టాయి. చీరల కింద చెయ్యి పెట్టాడు. ఫోన్ తగిలింది. నల్లగా, ప్రాణం లేకుండా ఉంది.

కానీ వెచ్చగా ఉంది. ఇప్పటిదాకా ఎవరో చెంపకు ఆనించుకున్నట్టు.

రెండో చేతిలో అతని ఫోన్ గిజగిజలాడింది. తుమ్మెద. 9,007. చచ్చిన ఫోన్ వెలగలేదు. వెచ్చదనం మాత్రం కాస్త పెరిగింది.

దాన్ని చీరల మీదికి విసిరేసి, బీరువా తాళం వేసి, తాళంచెవి కిటికీలోంచి తూములోకి పారేశాడు. తలుపుకి వీపు ఆనించి కూలబడ్డాడు. ఆరూ ఎనిమిది.

"పాడకే..." అన్నాడు గుసగుసగా. "నీకు దణ్ణం పెడతాను. పాడకే..."

పాడమని ముప్పై ఎనిమిదేళ్లు బతిమాలినవాడు.

12,007... 15,507...

"ఎందుకే? అది నాకే కదే... ‘మీకు’ అని రాశావు కదే..."

వీపు వెనక, బీరువా లోపల, సన్నగా ఏదో. తూము చప్పుడేమో. కొళాయి చప్పుడేమో. ఆ చాటున...

"నేను వినలేదే." మాట పగిలిపోయింది. "నువ్వడిగింది దాని గురించని తెలీదే. విన్నానని అబద్ధం చెప్పాను. నేను... వినలేదు."

చప్పుడు ఆగింది.

అతని పాట పైన నిలబడింది. 20,000. నలభై క్షణాలు. ముప్పై. తుమ్మెద పాడటం లేదు. పది. అతను ఫోన్‌ను రెండు చేతులతో గుండెకు ఆనించుకున్నాడు. మూడు. రెండు.

ఫోన్ ఒక్కసారి అదిరింది.

తుమ్మెద. 20,007.

వేలం ముగిసింది.

తుమ్మెద గారు వెంటనే డబ్బు కట్టేశారని అమ్మేవాడు కబురు పెట్టాడు. ఆ ఖాతాకున్న చిరునామా ఇదే, పార్సిల్ వస్తే ఈ ఇంటికే రావాలి. నాలుగో రోజు పొద్దున్నుంచి మేస్త్రి గుమ్మంలోనే కూర్చున్నాడు. దాహమై ఒక్క గ్లాసు నీళ్లకు పక్కన వంటగదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పార్సిళ్ల మనిషి బండి స్టార్టు చేస్తున్నాడు.

"ఏదయ్యా, నా పార్సిల్?"

"ఇచ్చేశాను కదండీ, అమ్మగారికి."

"ఏ అమ్మగారికి?"

"మీ ఇంట్లో ఆవిడేనండీ. పాపం, మెడకి గుడ్డ కట్టుకున్నారు. మాట రాదనుకుంటా, పలక మీద రాసి చూపించారు."

"ఏమని?"

అతను కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "‘ఈసారైనా వింటారా?’ అనండీ. మేము పెట్టెలు ఇస్తామంతే, విప్పి వినమమ్మా అని చెప్పాను. లోపలికి వెళ్లిపోయారు."

మేస్త్రి ఇల్లంతా వెతికాడు. అరలు దించాడు, మంచాలు ఎత్తాడు. ఇనపబీరువా దగ్గరికి మాత్రం వెళ్లలేదు. తాళం పగలగొట్టిద్దామని బావమరిది ఎన్నిసార్లన్నా "వద్దురా" అనేవాడు. రెండేళ్లు ఆ గదిలోనే, ఆ బీరువాకేసి చూస్తూ పడుకున్నాడు. అందులో ఏమీ లేకపోతేనో అని ఒక భయం, ఉంటేనో అని ఇంకో భయం. అలాగే పోయాడు.

ఇల్లు కూతురికి వచ్చింది. సామాన్లు, అరల్లోని సెట్లు బావమరిదికి వచ్చాయి. వేలం ఖాతా తనకిమ్మని అడిగిన అల్లుడికి ఏమీ రాలేదు. బీరువా పగలగొడితే చీరల మీద గోధుమరంగు టేప్ రికార్డర్ ఉంది, అది కూడా కూతురికే. లోపల ‘మీకు’ అని రాసిన క్యాసెట్. మేనమామను పక్కన కూర్చోబెట్టుకుని మోగించింది.

పాట లేదు. కొంతసేపు నీళ్ల చప్పుడు. తరవాత తండ్రి గొంతు. ‘పాడకే...’ అని. ‘నేను... వినలేదు’ అని. అతను ఆ మాటలన్న సాయంత్రం క్యాసెట్ ఇంకా అమ్మేవాడి ఊళ్లోనే ఉంది. ఆ పైన రెండు క్షణాలు ఎవరిదో ఊపిరి, టక్కుమని ఎవరో మీట నొక్కిన చప్పుడు.

రెండు వైపులా వేసి చూశారు. అమ్మ గొంతు ఎవరికీ రాలేదు.