కాటుక కాని కాటుక

ఆ శుక్రవారం బడికి సెలవు. అమ్మ పనికి వెళ్తూ ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించింది. అందులో ఇలా ఉంది:

కాటుక గది తలుపు తీస్తే వెంటనే వేసెయ్యాలి. మిగతా నలుగురూ లోపలికి దూరకూడదు.
పన్నెండింటికి మెత్తటి తిండి, రెండు చెంచాలు. గోరువెచ్చగా. చల్లగా ఉంటే వాసన రాదు, వాసన రాకపోతే తినదు.
తిన్నాక నొప్పి మందు. సిరంజిలో గీత దాకా. బుగ్గ పక్కనుంచి, నెమ్మదిగా.
ఇసుక ట్రే శుభ్రం చెయ్యాలి. నీళ్లు మార్చాలి.
గోధుమరంగు తువ్వాలు తిప్పాలి. ముందు నలుగురికీ రుద్ది, తర్వాత కాటుకకి రుద్దాలి.
తాతయ్యకి కళ్లజోడు ఎక్కడుందో చెప్పాలి.

ప్రతి పని పక్కనా ఒక చిన్న గడి. పని అయ్యాక అందులో టిక్కు పెట్టాలి.

ఈ పనులన్నీ చెయ్యాల్సిన అమ్మాయికి పదేళ్లు. ఇంట్లో అందరూ ఆమెను సబ్బుబిళ్ల అంటారు. బడి నుంచి రాగానే తన చేతులతో పాటు పెన్సిలు డబ్బా, చెప్పుల అడుగులు కూడా కడిగే పిల్ల మరి. "దీన్ని వదిలేస్తే వాన నీళ్లను కూడా ఉతికి ఆరేస్తుంది" అంటాడు తాతయ్య.

ఆ ఇంట్లో పిల్లులు ఐదు. పొద్దస్తమానం నోరు తెరిచే ఆవలింత. తోక చివర సగం సున్నాలా వంగిన అరసున్న. తెల్లటి దూది. ఒక్కచోట కాలు నిలవని పిడుగు. వీళ్లందరికీ పెద్దది కాటుక. కళ్ల చుట్టూ దిద్దినట్టు నల్లటి గీత ఉంటుంది. మిగతా నలుగురూ దాని పొట్టకు ఆనుకుని పెరిగినవాళ్లే.

పోయిన వారం కాటుక తినడం మానేసింది. దవడ వాచింది. రెండు పళ్లు పుచ్చిపోయాయని పిల్లుల డాక్టరమ్మ చెప్పి, మత్తిచ్చి తీసేసింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి, గురువారం సాయంత్రం కాటుక ఇంటికి వచ్చింది. దాన్ని అమ్మ కుట్టుమిషను గదిలో విడిగా ఉంచారు.

సబ్బుబిళ్ల పన్నెండింటికి తిండి పట్టుకుని వెళ్లేసరికి నాలుగు పిల్లులూ ఆ గది తలుపు ముందు వరసగా కూర్చుని ఉన్నాయి. ఆవలింత ఆవలించడం లేదు. పిడుగు కదలడం లేదు. నాలుగూ తలుపు కింద సందులోకే చూస్తున్నాయి.

"జరగండి, జరగండి" అంది సబ్బుబిళ్ల. ఒక్కటీ తల తిప్పలేదు. వాటి మీదుగా దాటి, లోపలికి దూరి తలుపు వేసుకుంది.

లోపల మబ్బు వెలుతురు. కాటుక కుట్టుమిషను కింద కూర్చుని ఉంది. ముందు కాలు మీద బొచ్చు గొరిగేశారు. అక్కడ చర్మం గులాబీరంగులో ఉంది. కళ్లలో నల్లగుడ్లు పెద్దవై, ఆ చీకట్లో రెండు గుంటల్లా ఉన్నాయి. సబ్బుబిళ్లను చూసి నోరు తెరిచింది. మ్యావుమనలేదు. ఎవరో పాత తలుపు నెట్టినట్టు కిర్రుమని చిన్న శబ్దం వచ్చింది.

సబ్బుబిళ్లకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మత్తిచ్చేటప్పుడు గొంతులో గొట్టం పెట్టారని, అందుకే బొంగురు పోయిందని అమ్మ చెప్పింది. ఆ మాట గుర్తు తెచ్చుకుని గిన్నె ముందుకు జరిపింది. కాటుక తినేసింది. మందు కూడా మింగింది.

ఇక తువ్వాలు మిగిలింది.

గోధుమరంగు తువ్వాలు మేకుకు వేలాడుతోంది. దాని నిండా వెంట్రుకలు. ఐదు పిల్లులూ దాని మీద ఏళ్ల తరబడి పడుకున్నాయి. సబ్బుబిళ్ల రెండు వేళ్లతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరం జరిపింది.

"నోట్లో కుట్లున్న పిల్లికి ఇంత మురికి గుడ్డ రుద్దుతారా ఎవరైనా?" అనుకుంది.

తువ్వాలును సబ్బుతో రెండుసార్లు ఉతికింది. నిమ్మ వాసన వచ్చే నీళ్లలో జాడించింది. ఆ ఊపులో పిల్లుల పక్కలన్నీ కూడా ఉతికి పడేసింది. తువ్వాలును ఫ్యాను కింద ఆరబెట్టి, ముందు నలుగురికీ, తర్వాత కాటుకకీ రుద్దింది. నలుగురూ ఒళ్లు విదిలించుకుని తలో మూలకీ పారిపోయారు. సబ్బుబిళ్ల గడిలో చక్కగా టిక్కు పెట్టింది.

సాయంత్రం అమ్మ అడిగింది. "తువ్వాలు తిప్పావా తల్లీ?"

"తిప్పానమ్మా."

అది అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు.

శనివారం పొద్దున అమ్మ గది తలుపు తీసింది. కాటుక మెల్లగా గడప దాటి వచ్చింది. రోజూ దాని మెడ మీద తల పెట్టుకుని పడుకునే దూది నాలుగడుగులు వెనక్కి వేసింది. వెనక్కి వేస్తూ గొంతులోంచి ఒక శబ్దం చేసింది. ఆ ఇంట్లో ఆ శబ్దం ఎవరూ అంతకుముందు వినలేదు. పిడుగు ఒళ్లు రెండింతలైంది. అరసున్న తోక నిటారుగా సాగిపోయింది. నాలుగూ చెవులు వెనక్కి వాల్చి, కాటుకను అసలు తెలియని ప్రాణిని చూసినట్టు చూశాయి.

కాటుక ఏమీ చెయ్యలేదు. అక్కడే నిలబడి ఒక్కొక్కరినే చూసింది. పిడుగు బుస్సుమంటూ మీదికి దూకబోతే అమ్మ మధ్యలో దిండు అడ్డం పెట్టింది. కాటుక కుట్టుమిషను కిందికి వెళ్లిపోయింది. ఆ తర్వాత తిండి ముట్టలేదు.

అమ్మ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. సబ్బుబిళ్ల తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చుంది. తువ్వాలు ఉతకడం వల్లే ఇలా అయిందేమోనని లోపల్లోపల అనుమానం.

ఇల్లు మారిపోయినట్టు అనిపించింది. ఎటు చూసినా పిల్లులు గోడకు ఆనుకుని నడుస్తున్నాయి. ఒకదాన్నొకటి చూసి ఆగిపోతున్నాయి. మూసిన తలుపు వెనక నుంచి చప్పుడే లేదు. సబ్బుబిళ్ల తలుపుకు చెవి ఆనించింది. అవతల, సరిగ్గా తన చెవి దగ్గరే, ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు వినబడింది. గబుక్కున వెనక్కి తగ్గి తాతయ్య దగ్గరికి పరుగెత్తింది.

"తాతయ్యా, అది మన కాటుక కాదేమో."

"మరెవరంటావు?"

"కాటుకలా ఉన్న ఇంకోటి. ఆసుపత్రిలో మారిపోయుంటుంది. గొంతు చూడు, కళ్లు చూడు. పిల్లులకి మనకి తెలియనివి తెలుస్తాయట."

"ఓహో. మరి మన కాటుక ఎక్కడున్నట్టు?"

సబ్బుబిళ్ల అంతదూరం ఆలోచించలేదు. కానీ ఆ ఆలోచన హాయిగానే ఉంది. గదిలో ఉన్నది కాటుకే కాకపోతే, తను చేసిన తప్పు కూడా లేనట్టే కదా. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లికీ అప్పటి సబ్బుబిళ్లకీ పెద్ద తేడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ డాక్టరమ్మకు ఫోను చేసింది. స్పీకరులో మాటలు వంటింటి దాకా వినబడ్డాయి.

"వాసన కలవడానికి తువ్వాలు తిప్పారు కదా?" డాక్టరమ్మ అడిగింది.

"తిప్పామండీ. మా అమ్మాయి టిక్కు కూడా పెట్టింది."

"అయినా ఇలా ఉందంటే వేరే కారణం వెతకాలి. రేపు పొద్దున్నే తీసుకురండి. మళ్లీ మత్తిచ్చి నోరంతా చూస్తాను. వయసు మీద పడిన పిల్లి, వారంలో రెండోసారి మత్తంటే నాకూ భయంగానే ఉంది. కానీ తినకుండా ఇంకా ఉంచితే లివరు దెబ్బతింటుంది."

"తిన్నా, మిగతావాళ్లు దగ్గరికి రానివ్వకపోతే?"

"కొన్ని ఇళ్లలో ఇక కలవవండీ. అప్పుడు వేరే పిల్లులు లేని ఇల్లు చూసుకోవాలి."

"మా అక్క పెంచుకుంటానంది" అంది అమ్మ.

అమ్మ పాల ప్యాకెట్టు తెమ్మంటే సబ్బుబిళ్ల బతుకు జీవుడా అనుకుని రెయిన్‌కోటు తగిలించుకుని బయటపడింది.

తిరిగొచ్చేసరికి వాన దంచి కొడుతోంది. మూడు గంటలకే దీపాలు పెట్టే వేళలా ఉంది. తాతయ్య తలుపు సగం తెరిచి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సబ్బుబిళ్ల మెట్లెక్కింది. తాతయ్య ఆమె కళ్లలోకే చూశాడు.

"ఎవరమ్మా నువ్వు?"

సబ్బుబిళ్ల ఆగిపోయింది. "నేనే."

"నేనే అంటే? ఎవరు కావాలి?" ఆ గొంతులో కోపం లేదు. తెలియని వాళ్లతో మాట్లాడే మర్యాద ఉంది. "ఇంట్లో పని మీద ఉన్నారు. తర్వాత రా అమ్మా."

తలుపు మెల్లగా మూసుకోసాగింది.

ఆమె మెట్టు మీదే నిలబడిపోయింది. తన ఇంటి గుమ్మం, తన తాతయ్య, లోపల తన చెప్పుల స్టాండు. అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఒక్కటీ తనది కానట్టుంది. వాన నీళ్లు మెడలోంచి వీపు మీదికి జారాయి.

అప్పుడు మూసుకుంటున్న తలుపు సందులోంచి ఆవలింత బయటికి వచ్చింది. తల ఎత్తి ఆమె ముఖం చూడనే లేదు. తడి రెయిన్‌కోటు కింద ఆమె మోకాలి దగ్గర ముక్కు పెట్టింది. ఒకసారి వాసన చూసి, తల రుద్దింది.

సబ్బుబిళ్ల టోపీ వెనక్కి తోసుకుంది. "తాతయ్యా, నేను. నీ కళ్లజోడు చొక్కా జేబులోనే ఉంది."

తాతయ్య తడుముకుని కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఓరి, నువ్వా. ఏ చందాలవాళ్లో అనుకున్నానే. ఈ వాన హోరులో గొంతూ తెలియలేదు, ముసుగు పైగా, నాకు ముఖమే కనబడి చావలేదు." పెద్దగా నవ్వాడు.

సబ్బుబిళ్లకు నవ్వు రాలేదు. తాతయ్యకు ముఖం కనబడలేదు. ఆవలింతకు ముఖంతో పనే లేదు. మరి తను సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి పారేసింది ఏమిటి?

కాటుక కూడా నిన్న ఇలాగే గడప మీద నిలబడింది. 'నేనే' అని చెప్పడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్ మీది కాగితంలో తువ్వాలు టిక్కు పక్కన పెన్సిలుతో రాసింది. 'సబ్బుతో ఉతికాక తిప్పాను. పక్కలు కూడా ఉతికేశాను.' తర్వాత అమ్మ కొంగు పట్టుకుని తీసుకొచ్చి చూపించింది.

అమ్మ చదివింది. రెండోసారి చదివింది.

"ఈ ముక్క నిన్న చెప్పుంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. కూతురు తడి రెయిన్‌కోటు కూడా ఇంకా విప్పలేదు. "సరే. ఇప్పటికైనా చెప్పావు. డాక్టరమ్మకి కూడా నువ్వే చెప్పు."

సబ్బుబిళ్ల ఫోనులో చెప్పింది. ఒక్క మాట కూడా దాచలేదు.

"అంటే సబ్బు వాసన, నిమ్మ వాసన తీసుకెళ్లి అందరికీ పూశావన్నమాట" అంది డాక్టరమ్మ. "పాపం, అందరూ అందరికీ కొత్తవాళ్లయిపోయారు. భయానికే తిండి మానేసుంటుంది. మత్తు ఇప్పుడే వద్దులే. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టండి. కానీ రేపు పొద్దుటికి తినకపోతే తీసుకురావాల్సిందే."

"ఉతకని గుడ్డ ఒక్కటీ లేదండీ."

"నువ్వున్నావుగా" అంది డాక్టరమ్మ.

సబ్బుబిళ్ల అలమరాలోంచి లేత పసుపు గౌను తీసింది. దాని మీద నీటి చుక్క పడినా మార్చేసుకునేది. దాన్ని తొడుక్కుని ముందుగదిలో నేల మీద వెల్లకిలా పడుకుంది. చాలాసేపటికి ఆవలింత వచ్చి పొట్ట మీద కూర్చుంది. అరసున్న చంకలో దూరింది. దూది కాలి దగ్గరికి వచ్చింది. పిడుగు దూరంనుంచి చూసి చూసి, చివరికి బూజూ దుమ్మూ పట్టిన ఒంటితో గౌను మీద దొర్లింది. సబ్బుబిళ్ల పళ్లు బిగబట్టుకుంది కానీ కదల్లేదు.

తర్వాత ఆ గౌనుతోనే కుట్టుమిషను గదిలోకి వెళ్లింది. మిషను పక్కన కూర్చుంది. పిలవలేదు, చెయ్యి చాపలేదు. కింద చీకట్లో రెండు నల్లటి గుంటలు ఆమెనే చూస్తున్నాయి. భయం వేసింది. అయినా కూర్చుంది.

చాలాసేపటికి గౌను అంచు కాస్త కదిలింది. ముక్కు చప్పుడు వినబడింది. ఒకచోట ఆగి, ఇంకోచోటికి జరిగి, మళ్లీ మొదటి చోటికే వచ్చింది. నలుగురి గుర్తూ వెతుక్కుంటున్నట్టు.

"కాటుకా" అంది సబ్బుబిళ్ల. రెండు రోజుల తర్వాత దాన్ని ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

పాత తలుపు కిర్రుమన్నట్టు శబ్దం వచ్చింది. ఈసారి ఆమె ఒళ్లు జలదరించలేదు. గోరువెచ్చటి తిండి వేలి మీద పెట్టి ముందుకు చాపింది. గరుకు నాలుక తగిలింది. ఒక చెంచాడు తిన్నది. చీకటి పడేలోపు ఇంకో చెంచాడు.

సోమవారం బడిలో పక్క బెంచీ పిల్ల ముక్కు మూసుకుంది. "నీ జుట్టు పిల్లి వాసన వస్తోంది."

"ఎన్ని పిల్లులది?"

"అదేం ప్రశ్నే?"

"ఐదింటిదీ రావాలి. నాలుగే వస్తే ఇంకా పనుందన్నమాట."

వారమంతా తలుపుకు అటూ ఇటూ గిన్నెలు పెట్టారు. ఆ గౌను రోజూ అందరి దగ్గరికీ తిరిగింది. తలుపు మొదట బెత్తెడు తెరిచారు, తర్వాత మూరెడు. దూది ముందుగా దగ్గరికి వచ్చింది. పిడుగు మాత్రం ఇంకో పది రోజులు గుర్రుమంటూనే ఉంది. సబ్బుబిళ్ల దాన్ని తిట్టలేదు. గౌను తీసుకెళ్లి మళ్లీ దాని పక్కన కూర్చునేది.

మీ ఇంటికో, మీ తరగతికో ఒక రోజు ఎవరైనా ఆసుపత్రి నుంచి తిరిగి రావచ్చు. గొంతు మారి ఉండవచ్చు, ముఖం మారి ఉండవచ్చు. అప్పుడు ఒక్కసారి కాటుకను గుర్తుచేసుకోండి. మూసిన తలుపుకు అవతల, తనవాళ్ల ఊపిరి వింటూ కూర్చున్న కాటుకను.