పంపు గదిలో జోడు గొంతులు

చీకటి పడ్డాక బురదమడుగు పంపు గది వైపు మా ఊళ్లో కుక్క కూడా పోదు. ఎప్పుడో ఇద్దరన్నదమ్ములు పోట్లాడుకుంటూ అక్కడి తూములో పడిపోయారట... ఒకడిది లావు గొంతు, ఒకడిది సన్న గొంతు. గాలి లేచిందంటే ఇప్పటికీ వాళ్ల తగువు వినిపిస్తుందని మా నార్ఫోక్ సీమ ముసలమ్మల మాట.

మా ఊరి విల్ఫ్ గారడ్ చెప్పిందే చెబుతున్నాను. కల్పించి చెప్పడానికి అతనికంత తెలివి లేదు.

బాతుల వేట దగ్గర పడిందని, విల్ఫ్ వాళ్ల నాన్న వదిలిపోయిన జోడుగొట్టాల తుపాకిని బాగుచేస్తున్నాడు. గొట్టాలు నల్లగా నిగనిగలాడాలంటే ముందు వాటికి తుప్పు పట్టించాలి — మందు పూసి, చెమ్మలో వేలాడదీసి, వేళకు ఆ తుప్పు రుద్దెయ్యాలి. వేళ దాటితే తుప్పు ఇనుమునే తినేస్తుంది. చెమ్మంటే పంపు గదే! పట్టపగలు ధైర్యంగా వెళ్లి కొక్కేనికి తగిలించి వచ్చాడు. ఇంటికొచ్చి కునుకు తీశాడు. లేచేసరికి పొద్దుగూకింది.

పక్కింటి క్లెమ్‌ని తోడు రమ్మన్నాడు.

"మోకాలు నొప్పిరా."

"పొద్దున గంతులేశావు గదరా!"

"అందుకే నొప్పి."

ఇక ఒక్కడే బయల్దేరాడు. దెయ్యాలకు ముడుపుగా, భార్య హిల్డా చేసిన మాంసం కూరిన రొట్టె చంకలో పెట్టుకున్నాడు.

తలుపు తోశాడు...

"ఊఁ——"

లావు గొంతు!

"ఈఁ——"

సన్న గొంతు!

విల్ఫ్ కాళ్లు ఇంటి వైపు తిరిగాయి. కానీ లోపల నాన్న తుపాకి తుప్పుకు ఆహుతైపోతోంది. ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటే, పాపం.

"అన్నల్లారా..." గొణిగాడు. "మీ తగువు మీది. నా గొట్టాలు నాకిచ్చెయ్యండి. ఇదిగో, తినండి."

రొట్టె కిటికీ గట్టు మీద పెట్టి, కళ్లు మూసుకుని, తడుముకుంటూ గొట్టాల పైకొసలు అరచేత్తో కప్పి పట్టుకున్నాడు —

గొంతులు ఆగిపోయాయి.

చెయ్యి తీశాడు. "ఊఁ——" మళ్లీ మూశాడు. చప్పుడు లేదు.

మందు లోపలికి పోకుండా గొట్టాలకు రెండు వైపులా చెక్క బిరడాలు కొడతారు. ఈ మహానుభావుడు పైవి మర్చిపోయాడు. కిందివాటిలో ఒకటి ఊడి ఎక్కడో పడింది. పగిలిన కిటికీలోంచి గాలి కొట్టినప్పుడల్లా అడుగు మూసిన గొట్టం లావుగా, తెరిచింది సన్నగా కూస్తున్నాయి. విల్ఫ్ డొక్కలు పట్టుకుని నవ్వాడు.

తుప్పు రుద్దాక గానీ భోజనం ముట్టలేదు. మిగతా పూతలన్నీ హిల్డా తిడుతున్నా వినకుండా స్నానాల గదిలోనే కానిచ్చాడు. వేట మొదటి రోజు రెండు దెబ్బలకు రెండు బాతులు రాలాయి. నాన్న చూసుంటే ఎంత మురిసిపోయేవాడో!

ఆ సంబరంలో, తిరిగొస్తూ ఊడిన బిరడా కోసం పంపు గదిలోకి దూరాడు.

రొట్టెలో మాంసం లేదు. పైపెంకు మాత్రం మిగిలింది. హిల్డా రొట్టె పెంకు ఎవరికీ కొరుకుడు పడదు.

"ఎలుకల పని," అని నవ్వబోయాడు...

పెంకు సరిగ్గా రెండు సమాన వాటాలుగా విరిచి ఉంది. వాటి మధ్య — శుభ్రంగా తుడిచి, నిలబెట్టి — ఊడిపోయిన బిరడా.

విల్ఫ్ వాటాకొకటి చొప్పున రెండు బాతులూ అక్కడే పెట్టేసి, నాన్న తుపాకి గుండెలకు హత్తుకుని ఒకటే పరుగు.