ఆరు పడేదాకా

"ఈ పాచిక మోసం చేస్తోందండీ!"

చెక్కబొమ్మల షాపులో అడుగు పెడుతూనే లెక్కల మాస్టారు అన్న మొదటి మాట అది. ముందు ఒక నమస్కారమైనా పెట్టి ఉండాల్సింది. కానీ కుర్రతనం, కొత్త ఉద్యోగం, పైగా నిజం తనవైపే ఉందన్న ధీమా. మర్యాద గుర్తుంటే కదా!

కౌంటర్ వెనక రంగులు వేస్తున్న అమ్మాయి బ్రష్ పక్కన పెట్టింది. ఆ పాచికని కోసింది వాళ్ల నాన్న. చుక్కలు తొలిచి రంగు నింపింది తను.

"చెక్కముక్క మోసమెలా చేస్తుందండీ? దానికేమైనా చదువుందా?"

"క్లాసులో నూట ఇరవైసార్లు వేయించాను. ఆరు ముప్ఫై నాలుగుసార్లు పడింది. ఇరవైకి కాస్త అటూ ఇటూగా పడాలి."

"మీ పిల్లల అదృష్టం బాగుంది. సంతోషించక కంప్లైంటా?"

"పదిసార్లు వేస్తే అదృష్టం అనుకోవచ్చు. ఇన్నిసార్లు వేశాక కూడా ఇలా ఉందంటే ఎక్కడో తేడా ఉంది."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపుకి మాస్టారు తర్వాత చెప్పాల్సిన మాట కాస్తా మర్చిపోయాడు. అదే అదనుగా బయట వాన అందుకుంది. వెళ్లిపోదామన్నా దారి లేదు.

"సరే, నా కళ్లముందు వేయండి. చూస్తాను."

అతను వేస్తుంటే ఆమె పలకమీద సుద్దతో గీతలు గీసింది. వాన తగ్గేసరికి ఆరు కింద గీతలు గుంపుగా నిలబడ్డాయి. ఆమె మొహం చిన్నబోయింది.

లోపలి నుంచి వచ్చిన వడ్రంగి నాన్న పాచికని వేళ్లతో తడిమి చూశాడు. "రంగు రాలకూడదని గుంటలు లోతుగా తొలవమన్నది నేనేనమ్మా. ఆరు చుక్కలవైపు చెక్క ఎక్కువ పోయింది. తేలికైపోయి అదే పైకి తేలుతోంది. ఇంకోటి చేసిద్దాం. పాసైందో లేదో బాబే చూసి చెప్తాడు."

మర్నాటి నుంచి స్కూలు వదలడం ఆలస్యం, మాస్టారు షాపులో ప్రత్యక్షం. కొత్త పాచికని అతను వేయడం, ఆమె గీతలు గీయడం.

"మాస్టారూ, వరసగా మూడుసార్లు రెండే పడింది. ఇప్పుడిక పడదుగా?"

"ఎందుకు పడదు? ఇంతకుముందు ఏం పడిందో పాచికకి గుర్తుండదండీ."

"అచ్చం మా నాన్నకి కళ్లజోడు ఎక్కడ పెట్టాడో గుర్తుండనట్టు!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులో పడిన అంకె పలకమీదకి ఎక్కనేలేదు. మళ్లీ వేయాల్సి వచ్చింది.

గీతలు పెరిగేకొద్దీ లెక్క ఆరింట ఒక వంతుకి దగ్గరపడుతోంది. మాస్టారికి మాత్రం గుండెల్లో రాయి పడుతోంది. పాచిక పాసైతే తనకి ఇక్కడ పనేముంటుంది? ఆమెని చూడటానికే వస్తున్నానని చెప్పే ధైర్యమా, లేదు. అందుకే రోజూ ఒకటే పాట: "ట్రయల్స్ ఇంకా చాలవండీ."

ఒక సాయంత్రం ఆమె పలక తెచ్చి అతని ముందు టప్పున పెట్టింది.

"ఆరువందలసార్లు వేశాం. ఆరు తొంభై ఎనిమిదిసార్లు పడింది. వందకి ఇది దగ్గర కాదా?"

"దగ్గరే."

"మొన్నా దగ్గరే! అయినా చాలదంటారు. అంటే నాన్న పనిమీద మీకింకా అనుమానమేగా? మీరు వెళ్లగానే ఆయన 'పాసైందా అమ్మా' అని అడుగుతున్నారు. ఏమని చెప్పను?"

ఆమె కళ్లలో నీళ్లు చూసి మాస్టారు కంగారుపడిపోయాడు.

"అయ్యో, పాచిక ఎప్పుడో పాసైందండీ!"

"మరి?"

"ఆ మాట చెప్పేస్తే మర్నాటి నుంచి నేను రావడానికి వీలుండదు కదా."

ఆమె కడిగిన బ్రష్‌నే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. మాస్టారు పాచిక చేతిలోకి తీసుకున్నాడు. "ఆరు పడితే మీ నాన్నగారితో మాట్లాడతాను."

ఆమె గిరుక్కున తిరిగింది. "అంటే నేనంటే ఆరింట ఒక్క వంతే ఇష్టమా? మిగతా అయిదు వంతులూ ఏమైనట్టు?"

"అది ఒక్కసారి వేస్తేనండీ. నేను ఆరు పడేదాకా వేస్తాను. వేస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు పడకపోదు."

వేశాడు. మూడు. మళ్లీ వేశాడు. ఒకటి. చెమట పట్టిన చేత్తో మరోసారి విసిరితే పాచిక దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. పాపం, మోకాళ్లమీద పాకుతూ తనూ దాని వెనకే దూరాడు.

"నాలుగు!" బల్ల కిందనుంచి ఏడుపు గొంతు.

ఆమె నవ్వు ఆపుకోలేక లోపలి గుమ్మంవైపు నడిచింది. "నాన్నా, ఒకసారి ఇలా రా! అమ్మని కూడా తీసుకురా!"

"అప్పుడే పిలుస్తారేంటండీ? ఇంకా ఆరు పడలేదు!"

"మీకు పడలేదు," అంది ఆమె వెనక్కి తిరక్కుండానే. "నాకు ఎప్పుడో పడింది."