వెనక గేటు

తన డబ్బుతో మాట్లాడడం నేర్చుకున్నవాళ్లే తనను పదిమందిలో నిలదీశారు. త్రినాథరావు దృష్టిలో అందులో అనుమానానికి చోటు లేదు. జూబిలీహిల్స్ ఇంటి వరండాలో పొద్దుటి కాఫీ చల్లారిపోతున్నా ఆయన ముట్టుకోలేదు.

ఆయన సినిమా నిర్మాత. భార్య శ్యామలాదేవి పోయాక ఆమె పేరిట ట్రస్టు పెట్టాడు. నడిపేది కూతురు పుష్పవల్లి. ఇంటి వెనక బస్తీవాళ్లు సినిమాల్లో గుంపు వేషాలకు వెళ్తుంటారు. వాళ్లను ఓటర్లుగా చేర్పించడం, మున్సిపాలిటీ అధికారుల ముందు లేచి అడగడం నేర్పించడం ట్రస్టు పని. నిన్నటి సభలో తన మెడలో దండ పడుతుందనుకున్నాడు త్రినాథరావు. బస్తీ నుంచి వచ్చిన కొమురమ్మ లేచి, రోడ్డు మీదికి పోయే బాటను ఆయన తన పెరటి గేటుతో మూసేశాడని అధికారికి చెప్పింది. ట్రస్టు మూసేస్తానంటూ ఆయన సభలోంచి లేచి వచ్చేశాడు.

"నా పక్కన కూర్చుని చప్పట్లు కొట్టావు," అన్నాడు కూతురితో.

"బాగా మాట్లాడింది నాన్నా. కొట్టాను."

"గుంపులో నిలబడేవాళ్లకు డైలాగులిచ్చాను. నాకు బుద్ధి లేక!"

"మరి ట్రస్టుకు అమ్మ పేరెందుకు పెట్టారు? బస్తీ అంటే అమ్మకు ప్రాణమనేగా?"

ఆయన జవాబు చెప్పేలోగా కొమురమ్మ ముందు గేటులోంచి వచ్చింది. రోడ్డంతా చుట్టి వచ్చిన ఆయాసం.

"కోపముంటే నన్ను తిట్టుండ్రి సారూ. ట్రస్టు బంద్ చేయకుండ్రి."

"అడగడానికి నా గేటే దొరికిందా నీకు?"

"శానా ఉన్నయ్ సారూ. ముందుగాల గిదే అడగమని అమ్మ చెప్పింది."

"ఏ అమ్మ?"

"ఏ అమ్మేంది సారూ, మన శ్యామలమ్మ! 'కొమురమ్మా, మా ఆయన్ని అడగగలిగితే నువ్వు ఇంకెవర్నైనా అడుగుతావ్' అన్నది. మీరే అడగరాదమ్మా అంటే నవ్వింది. 'నాకు నోరు రాదే' అన్నది."

పుష్పవల్లి తల తిప్పుకుంది. ఆమెకూ తెలియని మాట అది.

ఏళ్ల కిందట గేటుకు తాళం వేయించిన రోజు శ్యామల వత్తులు చేస్తోంది. ఒకసారి తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది. సరేనన్నట్టే అనుకున్నాడాయన. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులతో ఆమె రోడ్డు చుట్టూ తిరిగి బస్తీకి వెళ్లేది. ఎందుకని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

త్రినాథరావు లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చాడు. ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే పెరట్లోకి నడిచాడు. తుప్పు పట్టిన తాళం ఎంతకీ రాలేదు. అది వచ్చాక కూడా ఆయన చాలాసేపు ఇటు తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

"నాన్నా..."

"ట్రస్టు నడుపుకో. మీ అమ్మ నాతో చెప్పుకోలేకపోయిందన్న మాట మాత్రం ఈ ఇంట్లో మళ్లీ వినపడకూడదు."

కొమురమ్మను ఆయన క్షమించలేదు. ఆమె ఆ గేటులోంచి వెళ్తుంటే పేపరు అడ్డం పెట్టుకునేవాడు. గేటుకు మళ్లీ తాళం పడలేదు. శ్యామల చెప్పుకోలేకపోయిందన్న ఆ మాట కూతురూ ఎత్తలేదు, ఆయనా పోయేదాకా ఎత్తలేదు.