ఏ సెక్షన్ అమ్మలు

"ఇన్ని తప్పులు గోడకు అంటిస్తరా, ఉదయశ్రీ మేడం?"

అడిగింది ఆరో తరగతి ఏ సెక్షన్‌కు ఇంగ్లిష్ చెప్పే సుమంత్. బి సెక్షన్‌కు చెప్పే ఉదయశ్రీ కుర్చీ ఎక్కి, తన పిల్లలు రాసిన 'మై మదర్' వ్యాసాలు అంటిస్తోంది.

"తప్పులైనా పిల్లలవే సార్. మీ గోడ మీదున్నయి ఎవరివి?"

సుమంత్ గోడ మీద వ్యాసాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. అతను బోర్డు మీద రాశాడు, పిల్లలు దించారు. చిక్కడపల్లి సందులోని ఆ స్కూల్లో ఇంగ్లిష్ చదువంటే ఇన్నేళ్లూ అదే.

"రేపు పేరెంట్స్ మీటింగ్. ఎవరన్న కంప్లెయింట్ చేస్తే మీ ఉద్యోగం ఉండదని ప్రిన్సిపల్ మేడం మొన్ననే చెప్పిండ్రు కద!"

"చెప్పిండ్రు. జర ఆ టేపు అందియ్యండి."

అందించాడు. ఆపైన కుర్చీ కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. పోట్లాటకు వచ్చినవాళ్లు సాధారణంగా చేసే పని కాదది.

మర్నాడు వాన. గొడుగులు గుమ్మంలో కుప్పపోసి తల్లిదండ్రులు లోపలికొచ్చారు. ఏ సెక్షన్ గోడ చూసి మురిసిపోయారు. అశోక్ నగర్‌లో హాస్టళ్ల ముందు ఇడ్లీ బండి పెట్టే నర్సింహమ్మకు చదువు రాదు. కూతురు నవతను ముందుకు తోసింది.

"నా గురించి ఏం రాసినవో చదువు బిడ్డా."

నవత గడగడా చదివింది.

"తెలుగుల చెప్పు."

"అర్థం సార్‌కు తెల్సు."

సుమంత్‌కు చెప్పక తప్పలేదు. "మీరు హౌస్‌వైఫ్ అట. పొడుగ్గ, తెల్లగ ఉంటరట. సెలవు దినాల కేకు చేస్తరట."

నర్సింహమ్మ తనను తాను కిందికీ మీదికీ చూసుకుంది. "నేను కేకు చేస్తుంటే, మరి ఇడ్లీలు ఎవరు పెడుతున్నరు సార్?"

ఏ సెక్షన్‌లో అమ్మలందరూ తెల్లగానే ఉన్నారు. అందరూ కేకులే చేస్తున్నారు. హౌస్‌వైఫ్‌కు సెలవు దినాలుంటాయని బ్రహ్మచారే రాయగలడు.

అంతలో బి సెక్షన్ గోడ దగ్గర గోవర్ధన్ అనే తండ్రి గొంతు లేచింది. కొడుకు క్రాంతికుమార్ రాసింది చదివాడాయన: 'మై మదర్ యాంగ్రీ ఇన్ మార్నింగ్. రీజన్ ఈజ్ మై ఫాదర్.'

"ఏంది మేడం ఇది? గ్రామర్ లేదు, ఏం లేదు! ఇందుకేనా ఇంగ్లిష్ మీడియంల ఏసింది?"

"గ్రామర్ నేర్పుతనండి. ముందు చెప్పేదానికి మాట ఉండాలె కద," అంది ఉదయశ్రీ.

"ఉన్నదే రాసిండు పిలగాడు," అంది ఆయన భార్య.

నవ్వులు వినగానే గోవర్ధన్‌కు గ్రామర్ మీద పట్టుదల పెరిగింది. ప్రిన్సిపల్ విద్యావతి వైపు తిరిగాడు. "టీచర్‌ను మార్చండి!"

"ఉదయశ్రీ గారూ, రేపు నా రూముకు రండి," అంది విద్యావతి.

ఉదయశ్రీ తలొంచుకుంది.

"మేడం, ఒక్క నిమిషం." సుమంత్ పిల్లాడిలా చెయ్యెత్తాడు. "మా గోడ మీదున్నయన్నీ నేను రాసినయే. పిల్లలు చూసి దించిండ్రు, అంతే. ఈమె పిల్లలు సొంతంగ రాసిండ్రు. మార్చాలంటే నన్ను మార్చండి."

వచ్చే ఏడు అతనికి పదో తరగతి ఇస్తానని విద్యావతి మాటిచ్చిన సంగతి టీచర్లందరికీ తెలుసు.

"మా పిల్లను ఈ మేడం దగ్గర్నే ఏయుండ్రి," అంది నర్సింహమ్మ. "తప్పులు రాసినా మంచిదే. నా గురించి రాయాలె."

మరికొందరు తల్లులు తలలూపారు. ప్రిన్సిపల్స్‌కు తలలు లెక్కపెట్టడం బాగా వచ్చు.

"ఉదయశ్రీ గారు ఇక్కడ్నే ఉంటరు. సుమంత్ గారూ, ఈ టర్మంతా ఆమె క్లాసుల వెనక బెంచీల కూసొని నేర్చుకోండి. పదో తరగతి సంగతి మర్చిపోండి."

సాయంత్రం నారాయణగూడ బస్టాపులో వాన తగ్గలేదు. ఉదయశ్రీకీ సుమంత్‌కీ కలిపి గొడుగు ఒక్కటే.

"పదో తరగతి పాయె కద! ఎందుకు చెప్పిండ్రు?"

"మీరు పోతే నేను ఎవరితోటి కొట్లాడాలె?"

"కొట్లాటకేనా?"

సుమంత్ బస్సు నంబరు చూస్తున్నట్టు నటించాడు. బస్సేమీ రావడం లేదు.

"కాదు. మీరంటే నాకు ఇష్టం. ఆదివారం మా అమ్మను తీస్కొని మీ ఇంటికొస్త. మీ నాన్నగారితోటి మాట్లాడాలె."

"ఆదివారం వద్దు."

అతని మొహం పడిపోయింది.

"శనివారం రండి," అంది ఉదయశ్రీ, గొడుగు కిందికి ఇంకాస్త జరుగుతూ. "ఇంకో రోజు ఎందుకు ఆగుడు?"