స్టెపినీ ఫైట్

రింగు తాళ్లు బిగించాలి. కాన్వాసు చిరిగిన చోట టేపు వేయాలి. డాక్టరు కుర్చీ రింగు పక్కనే ఉండాలి, అంబులెన్సు వెనక గేటు దగ్గర ఉండాలి, దానికి అడ్డంగా ఎవరి బైకూ ఉండకూడదు. స్పాన్సరు బోర్డులు కెమెరా వైపు తిప్పాలి. రేకుల కప్పు కారే చోట బకెట్లు పెట్టాలి, అవి మాత్రం టీవీలో కనబడకూడదు. గ్లవ్స్ పెట్టె తాళంచెవి నా జేబు దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఛానెల్ వాళ్లకి కోపం తెప్పించకూడదు.

బాక్సింగ్ పోటీలు నడిపే మావయ్య ఆ ఆదివారం నాకు అప్పజెప్పిన పనులివి. చివరిది తప్ప అన్నీ చేశాను.

"మేడం! ఆ హీల్స్‌తో రింగెక్కితే కాన్వాసు చిరుగుతుంది. దిగండి!"

తాళ్ల మధ్య ఒక కాలు లోపలా, ఒక కాలు బయటా పెట్టిన అమ్మాయి అలాగే ఆగిపోయింది. వానకి తడిసిన జుట్టు, చెవులకి హెడ్‌సెట్, మెడలో స్టాప్‌వాచ్. తన కాళ్లకేసి ఒకసారి, నా మొహంకేసి ఒకసారి చూసింది.

"ఇవి హీల్స్ కావండీ, మామూలు బూట్లు. ముందు మీ కళ్లద్దాలు తుడుచుకోండి."

తుడుచుకున్నాను. బూట్లే. నేను హీల్స్ అనుకున్నవి మడమలకి అంటుకున్న బురద ముద్దలు.

"అయితే బురద దులుపుకుని ఎక్కండి," అన్నాను, తగ్గలేక.

"ఇంతకీ మీరెవరు? రింగుకి వాచ్‌మనా?"

"ప్రమోటరుగారి అల్లుణ్ణి."

"ఓహో, అల్లుడుగారా! ఇల్లరికమా?"

"మేనల్లుణ్ణండీ! నాకింకా పెళ్లి కాలేదు."

"అది నేను అడగలేదే," అంది. కానీ బురద దులుపుకోవడానికి వంగినప్పుడు నవ్వడం నేను చూశాను. కళ్లద్దాలు అప్పటికి శుభ్రంగానే ఉన్నాయి.

ఆమె ఛానెల్ తరఫున కొత్తగా వచ్చిన కోఆర్డినేటరు. మధ్యాహ్నానికల్లా మా బాక్సర్లు ఆమెకి స్టాప్‌వాచ్ మేడం అని పేరు పెట్టేశారు. నన్నయితే ఎప్పటినుంచో 'డిగ్రీ' అంటారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. అందుకే ఒప్పందాలు చదివి, వాటిలో ఏముందో మావయ్యకి చెప్పే బాధ్యత నా మీద పడింది.

మాకూ ఛానెల్‌కీ ఉన్నది వియ్యాలవారి సంబంధం లాంటిది. ఒకరు లేకపోతే ఇంకొకరికి గడవదు, ఒకరి మాట ఇంకొకరు నమ్మరు. కెమెరాలు రాకపోతే మాకు స్పాన్సర్లు రారు. మా ఫైట్లు లేకపోతే వాళ్లకి ఆదివారం సాయంత్రం బోసిపోతుంది. వాళ్ల భయమల్లా ఒక్కటే: తెర ఖాళీగా ఉండకూడదు. కానీ బాక్సింగ్ ఎవరి మాటా వినదు. పది రౌండ్లు సాగుతుందనుకున్న పెద్ద ఫైటు మొదటి గుద్దుకే అయిపోవచ్చు. మిగిలిన సమయంలో ఏం చూపించాలి?

దానికోసం ప్రతి షోలోనూ ఒక జతని సిద్ధంగా ఉంచుతాం. గ్లవ్స్ కట్టుకుని, ఒళ్లు వేడి చేసుకుని, సాయంత్రమంతా ఎదురుచూడటం వాళ్ల పని. పెద్ద ఫైటు తొందరగా ముగిస్తే వెంటనే రింగులోకి ఉరకాలి. ముగియకపోతే, కెమెరాలు కట్టేశాక, జనం లేచి వెళ్లిపోతుంటే, ఖాళీ కుర్చీల ముందు కొట్టుకోవాలి. బండిలో ఉంచుకునే అదనపు టైరు పేరు మీద దాన్ని మేం స్టెపినీ ఫైట్ అంటాం.

రింగులో మావాళ్లది ఎర్ర మూల, ఎదుటివాళ్లది నీలం మూల. ఆ ఏడాది షోలన్నిటిలోనూ ఎర్ర మూల నుంచి స్టెపినీగా కూర్చున్నది ఒక్కడే. చివరికి వాడి పేరే స్టెపినీ అయిపోయింది. ఒక్కసారి కూడా టీవీలో కనబడలేదు. ఈ షో అయ్యాక బాక్సింగ్ మానేసి గోడౌన్‌లో ఉద్యోగానికి వెళ్లిపోతున్నాడు. మా ఒప్పందం కూడా ఈ షోతోనే ముగుస్తుంది. మళ్లీ సంతకం పెట్టాలా వద్దా అన్నది ఇవాళ చూసి చెబుతామని ఛానెల్ బాస్ ముందే అన్నాడు.

సాయంత్రం డ్రెస్సింగ్ రూములోకి వెళ్లేసరికి స్టెపినీ ఫోనులో అరుస్తున్నాడు.

"అమ్మా, ఇవాళ పక్కా! ఛానెల్ మేడమే చెప్పింది. పక్కింటోళ్లని కూడా పిలువు. కుర్చీలు సరిపోకపోతే చాప వెయ్యి!"

కారిడార్లో కాఫీ మెషీన్ దగ్గర ఆమెని పట్టుకున్నాను.

"మా స్టెపినీకి ఏం చెప్పారు మీరు?"

"నా ఫైటు టీవీలో వస్తుందా మేడం అని అడిగాడు. వస్తుందని చెప్పాను. ఎందుకు?"

"ఎలా చెప్పారండీ అసలు?"

"మా రన్నింగ్ ఆర్డర్లో, అదే ప్రోగ్రాం వరస కాగితంలో, అతని ఫైటుంది. టైము గడి ఒక్కటే ఖాళీగా ఉంది. నేను మొన్నటిదాకా పిల్లల ప్రోగ్రాములు చేశాను. అక్కడ ఖాళీ గడి అంటే, ఐటెం ఖాయం, టైము తర్వాత వేస్తాం అని."

"ఇక్కడ ఖాళీ గడి అంటే, అవసరమైతేనే అని."

స్టెపినీ ఫైటంటే ఏమిటో చెప్పాను. వింటున్నకొద్దీ ఆమె మొహం పాలిపోయింది. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"ఇప్పుడు వెళ్లి రాదని చెప్పేయనా?"

"వాళ్లింట్లో చాపలు కూడా పరిచేశారు."

"మీరు ఓదారుస్తున్నారా, కుళ్లబొడుస్తున్నారా?"

"ఉన్నమాట చెప్తున్నానండీ. నాకు ఓదార్చడం చేతకాదు."

ఆమె స్టాప్‌వాచ్ తాడుని వేలికి చుట్టుకుంది. "అతని ఫైటు ముందు వేసి, పెద్ద ఫైటు తర్వాత వేస్తే?"

"పెద్ద ఫైటు తొందరగా అయిపోతే తెర మీద వేయడానికేం మిగలదు. మీ బాస్ మా ఒప్పందం చించేస్తాడు."

"మీ మావయ్యగారు ఎక్కడున్నారు?"

మావయ్య రింగు పక్కన నిలబడి, ఎప్పుడో విరిగి పక్కకి ఒరిగిన ముక్కుని రుద్దుకుంటున్నాడు. కంగారుగా ఉన్నప్పుడు అదే పని. సంగతి విని నా మీద ఎగిరాడు.

"స్టెపినీ లేకుండా బండి తీయమంటావేంట్రా అల్లుడూ? మధ్యలో టైరు పేలితే నువ్వు తోస్తావా?"

"నేను తోస్తానండీ," అంది ఆమె. "ఆ అబ్బాయికి మాటిచ్చింది నేను. తప్పు నాది. వరస మార్చమన్నది నేనేనని ఇప్పుడే మా బాస్‌కి హెడ్‌సెట్లో చెప్తాను. ఖాళీ వస్తే అది మీ లెక్కలోకి రాదు, నా లెక్కలోకే వస్తుంది."

నిజంగానే చెప్పింది. హెడ్‌సెట్లోంచి బాస్ అరుపులు మా ఇద్దరికీ వినబడ్డాయి. ఆమె కళ్లు మూసుకుని, "అవును సార్... తెలుసు సార్... నాదే సార్," అంటూ నిలబడింది.

మావయ్య ముక్కు రుద్దుకోవడం మానేశాడు.

"ఒరే అల్లుడూ, ఇన్నేళ్ల నుంచి ఛానెల్ వాళ్లతో వేగుతున్నా. తప్పు మాది అన్న మనిషిని ఇవాళే చూస్తున్నా." తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా కేకేశాడు. "స్టెపినీని పిలవండ్రా! ఆ నీలం మూల అతన్ని కూడా!"

నాలుగు రౌండ్లు. కప్పు మీద వాన, కింద జనం గోల. ఛానెల్ అమ్మాయినని మరిచిపోయి ఆమె, మావయ్య పరువు మరిచిపోయి నేను, పక్కపక్కన నిలబడి గొంతు చించుకున్నాం. "చెయ్యి ఎత్తు! ఎడమది, ఎడమది!" అని ఆమె అరిస్తే, "మీకు బాక్సింగ్ వచ్చా?" అన్నాను. "పొద్దుటినుంచి చూస్తున్నాగా!" అంది.

స్టెపినీ బాగానే ఆడాడు. కానీ నీలం మూల అతను ఇంకా బాగా ఆడాడు. రిఫరీ అతని చెయ్యెత్తాడు. మా వాడు ఓడిపోయి కూడా, కనబడ్డ ప్రతి కెమెరాలోకీ గ్లవ్స్ ఊపి, "అమ్మా!" అని అరుస్తూ దిగాడు.

తర్వాత పెద్ద ఫైటు. మా చాంపియన్ రింగులోకొచ్చి, ఒక అడుగు వేసి, కుడిచేత్తో ఒక్కటిచ్చాడు. అవతలివాడు కూలబడ్డ చోటినుంచి లేవలేదు. హాలంతా ఊగిపోయింది. మేమిద్దరం మాత్రం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మా భయమే నిజమైంది. మా షో తర్వాత వచ్చే సీరియల్ మొదలవడానికి ఇంకా బోలెడంత సమయం ఉంది.

చాంపియన్‌కి మైకిచ్చారు. అతను గుద్దినంత వేగంగానే మాట్లాడాడు. "థాంక్స్. మా అమ్మకి అంకితం. థాంక్స్." అంతే.

ఆమె ఆ మైకు లాక్కుని నా చేతిలో కుక్కి, రింగులోకి తోసింది.

"మాట్లాడండి!"

"ఏం మాట్లాడాలి?"

"ఉన్నమాట చెప్తానన్నారుగా, అదే చెప్పండి!"

దీపాల వెలుగు కళ్లల్లో పడింది. కెమెరా కింద కూర్చుని ఆమె రెండు చేతులతో గాలిని సాగదీస్తోంది, ఇంకా, ఇంకా అని. స్టెపినీ ఫైటంటే ఏమిటో చెప్పాను. గ్లవ్స్ కట్టాక ముక్కు దురద పెట్టినా ఇంకొకరే గోకాలని, మంచినీళ్లు కూడా ఇంకొకరే తాగించాలని, అలా సాయంత్రమంతా కూర్చున్నవాడికి పిలుపు రాకపోతే ఎలా ఉంటుందో చెప్పాను. అప్పటికీ ఆమె చేతులు సాగదీస్తూనే ఉన్నాయి. నా దగ్గర మాటలు అయిపోయాయి. మిగిలిన నిజం ఒక్కటే.

"ఇవాళ మా వాడు మీకు కనబడ్డాడంటే ఒకావిడ వల్ల. పొరపాటున ఒక మాటిచ్చారు. పొరపాటని తెలిశాక కూడా దాన్ని నిలబెట్టుకున్నారు. పొద్దున ఆవిడ మీద అరిచాను, బురద దులుపుకోమన్నాను. ఇప్పుడు చెప్తున్నాను, అలాంటి మనిషి పక్కన జీవితాంతం నిలబడాలని ఉంది."

ఆమె చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తర్వాత ఆపమని ఒక చేత్తో గొంతు కోసినట్టు సైగ చేస్తూ, రెండో చేత్తో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో అంత దూరం నుంచి తెలియలేదు. సీరియల్ పాట మొదలైంది.

సామాన్లు సర్దుతుంటే ఆమె వెనక గేటు దగ్గర దొరికింది. నేనేదో అనేలోపే వేలెత్తింది.

"ఆగండి. ముందొక పనుంది. స్టెపినీ మీద గెలిచినతనితో ఎవరైనా చెయ్యి కలిపారా?"

ఎవరూ కలపలేదు. నీలం మూల అతను గేటు చూరు కింద, భుజాన సంచితో, వాన తగ్గడం కోసం చూస్తున్నాడు. ఇద్దరం వెళ్లి అతనితో చెయ్యి కలిపాం.

"మీ ఇంట్లో చూశారా?" అని అడిగింది ఆమె.

"లేదక్కా." అతను మామూలుగానే నవ్వాడు. "ఇవాళ టీవీలో వస్తుందని నాకెవరూ చెప్పలేదుగా."

బస్సు వచ్చింది. అతను ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆమె వానలోనే నిలబడిపోయింది. నేను పక్కన నిలబడ్డాను.

"ఇక్కడేగా నిలబడాలని ఉందన్నారు," అంది, బస్సు పోయిన వైపే చూస్తూ.

"అవును."

"అయితే నిలబడండి."

మర్నాడు బాస్ ఆమెని పిల్లల ప్రోగ్రాములకే తిరిగి పంపించేశాడు. "మంచిదేగా, ఇక మనం రెండు వైపుల మనుషులం కాదు," అంది ఆమె. మా ఒప్పందం మీద చాలా రోజులు తిప్పి తిప్పి సంతకం పెట్టారు. ఖాళీ భయంతో షోకి ఇద్దరు ఇద్దరు చొప్పున రెండు జతల స్టెపినీలు ఉండాలన్నారు. మొదటి జతని తప్పకుండా లైవ్‌లో చూపించాలని మావయ్య పట్టుబట్టాడు. దానికీ ఒప్పుకున్నారు.

అమ్మా, మావయ్యా నన్ను వెంటబెట్టుకుని ఆమె వాళ్లింటికి వెళ్లి పెళ్లి మాట కదిపారు. వాళ్ల నాన్న నన్ను కిందా పైనా చూసి, "టీవీలో మా అమ్మాయి గురించి మాట్లాడింది నువ్వేనా బాబూ?" అన్నాడు. అవునన్నాను. "వీధంతా చూశారు. ఇక ఇంకెవరికిచ్చి చేస్తాం?" అన్నాడు. లోపల్నుంచి స్టాప్‌వాచ్ మేడం నవ్వు వినబడింది.

ఈ కథ ఎవరికి చెప్పినా, పాపం స్టెపినీ, మంచి అమ్మాయి, అదృష్టవంతుడివి అంటారు. నిజమే. కానీ చదివిన మీరు నాకో సాయం చేయండి. ఆ సాయంత్రం ఎర్ర మూలలో మావాడు కూర్చున్నంతసేపూ, నీలం మూలలో కూడా ఒకతను గ్లవ్స్ కట్టుకుని కూర్చున్నాడు. మేమంతా అతను ఓడిపోవాలని అరుస్తుంటే అతను గెలిచాడు, అతని ఇంట్లో టీవీ పెట్టలేదు. దయచేసి అతన్ని గుర్తుపెట్టుకోండి.