జోర్నిత్సా ముక్కు

"ఏయ్ మిస్టర్, ఎవర్ని చూసి కన్ను కొడుతున్నావ్?"

బజారంతా నా వైపు తిరిగింది. నా కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది, చేతిలో పెన్సిల్, ఎడమ కన్ను మూసి ఉంది. ఎదురుగా ఎర్ర క్యాప్సికమ్ కొట్టులో ఒక అమ్మాయి నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"కన్ను కొట్టలేదండీ! కొలుస్తున్నాను. గడ్డం నుంచి నుదుటి దాకా ఎంతుందో..."

"నా మొహం కొలవడానికి నువ్వెవరివి, టైలర్‌వా?"

మా బల్గేరియాలో, ప్లోవ్‌దివ్ నగరంలో బొమ్మలు గీయడం నేర్చుకునే వాళ్ళకి ఈ తిట్లు మామూలే. ఆ ముందురోజే మా నెవేనా టీచర్ నా బొమ్మల పుస్తకం తిరగేసి, "బోయన్, ఇవి ఇరవై మంది మొహాలా, ఒక్కడి మొహం ఇరవైసార్లా?" అంది. "బజారుకి పో. ఒక్కరిని ఎంచుకుని నెల్రోజులు వాళ్ళనే గీయి" అని తరిమింది. నేను ఈ క్యాప్సికమ్ కొట్టు అమ్మాయిని, జోర్నిత్సాని ఎంచుకున్నాను. నిజం చెప్పాలంటే ఎంచుకోలేదు, కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

మూడోరోజుకి ఆమె కోపం తగ్గింది. వారం తిరిగేసరికి, కాల్చిన క్యాప్సికమ్ రొట్టెలో పెట్టి ఇచ్చింది.

"తిను. ఆకలితో గీస్తే నన్ను బక్కగా గీస్తావు."

ఎంత బాగా పనిచేసేదో! ఒక చేత్తో క్యాప్సికమ్ కాల్చే ఇనప డ్రమ్ము తిప్పుతూ, ఇంకో చేత్తో తూకం వేస్తూ, ముగ్గురితో ఒకేసారి బేరమాడేది. నవ్వితే ముందు ఒక చెంప కదిలేది, తర్వాతే పెదవులు. అది కనిపెట్టడానికే నాకు పదకొండు రోజులు పట్టింది.

పన్నెండో రోజు బొగ్గుతో గీసిన బొమ్మ చేతికిచ్చాను. చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"ఈ ముక్కెవరిది?"

చిన్నప్పుడు బండి మీంచి పడి ఆమె ముక్కు కాస్త పక్కకి వంగింది. నేను తిన్నగా గీశాను.

"అందంగా ఉంటుందని..."

"నా ముక్కు బాగాలేదని స్కూల్లో అందరూ నోటితో అన్నారు, నువ్వు బొగ్గుతో అన్నావు. అంతేగా తేడా? నా ముక్కు గీసేదాకా నాతో మాట్లాడకు."

నెలాఖరుకి సరుకు అయిపోతుంది. ఆమె, కొట్టులో తోడుండే వాళ్ళ అమ్మమ్మ, ఇద్దరూ తమ ఊరికి వెళ్ళిపోతారు.

రోజూ వెళ్ళి కూర్చున్నాను. ఆమె తన బేరాల్లో తానుండేది. గీశాను, బొగ్గు గీతల్ని రొట్టె ముక్కతో రుద్ది చెరిపాను, మళ్ళీ గీశాను. వంపు కింద చిన్న నీడ ఉంది. దాన్ని వదిలేస్తే కళ్ళు కుదరడం లేదు, నవ్వు రావడం లేదు. ఉన్నది ఉన్నట్టు పెట్టగానే మొహమంతా దానంతటదే సర్దుకుంది. ఆ ముక్కు వల్లే ఆమె అంత బాగుంటుందని నాకప్పటికి అర్థమైంది.

ఆఖరి రోజు బుట్టలు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. పరిగెత్తుకెళ్ళి కాగితం ఇచ్చాను.

జోర్నిత్సా చాలాసేపు చూసింది. బొమ్మలో ముక్కు వెంబడి వేలు పోనిచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అద్దంలో ఎప్పుడూ దీన్ని తప్పించుకునే చూసుకునేదాన్ని. ఇంత బాగుంటుందా?"

"నేనేం బాగుచెయ్యలేదు. ఉన్నదే గీశాను. జోర్నిత్సా, నువ్వంటే నాకిష్టం."

"తెలుసులే. ఇష్టం లేనివాడు ఒక్క ముక్కు కోసం ఇన్నాళ్ళు కూర్చుంటాడా? నాకూ..." అని ఆగిపోయింది.

వ్యాన్‌లోంచి వాళ్ళ అమ్మమ్మ కేకేసింది.

"ఇష్టమేరా బాబూ! పలకదు గానీ, నువ్వొచ్చేదాకా రోజూ డ్రమ్ము కింద మంట కూడా వెలిగించేది కాదు. ఇంకా నిలబడ్డావేం? ఆ బుట్టలెత్తి నువ్వూ ఎక్కు. నీ సంగతి చెప్పా, ఊళ్ళో దీని నాన్న నిన్ను చూడాలని ఎదురుచూస్తుంటాడు."